మెటలోసిన్ దానా కొనేముందు, మెషిన్‌లో వేసేముందు: వైజాగ్‌లో రొయ్యల కవర్లు చేసేవాళ్ళకి

గాజువాక ఆటోనగర్ వైపు బ్లోన్ ఫిల్మ్ మెషిన్లు (కరిగిన ప్లాస్టిక్‌ని గాలితో బుడగలా, అంటే బబుల్‌గా, ఊది ఫిల్మ్ చేసేవి) నడిపేవాళ్ళు దానా, అంటే ప్లాస్టిక్ గింజలు, కొనేటప్పుడు ట్రేడర్ని రెండే అడుగుతారు, ఎంఐ (మెల్ట్ ఇండెక్స్, కరిగాక ఎంత సులువుగా పారుతుందో చెప్పే అంకె) ఎంత, డెన్సిటీ ఎంత. రెండూ కుదిరితే ఇక రేటు దగ్గర బేరం. మామూలు కిరాణా కవర్‌కి ఆ మాత్రం సరిపోతుంది, కాదనను. కానీ మైనస్ 18లో నెలల తరబడి ఉండే రొయ్యల కవర్‌కి అది చాలదండి. ఎంఐ 1.0, డెన్సిటీ 0.918 అని రాసున్న రెండు బస్తాలు తీసుకోండి, ఒకటి మామూలు బ్యూటీన్ ఎల్‌ఎల్‌డీపీఈ (కవర్లకి వాడే ఒక రకం పాలీఇథిలీన్), ఇంకోటి మెటలోసిన్ అనే క్యాటలిస్ట్‌తో చేసిన ఎల్‌ఎల్‌డీపీఈ. కాగితం మీద కవలపిల్లలే. అదే 25 మైక్రాన్ ఫిల్మ్ లాగి డార్ట్ టెస్ట్ (పైనుంచి బరువు పడేసి ఎంతకి చిరుగుతుందో చూడడం) చేస్తే మొదటిది వంద గ్రాముల చుట్టుపక్కల చిరుగుతుంది, రెండోది కొన్ని వందల గ్రాములు తట్టుకుంటుంది. సీల్ కూడా రెండోదానికి తక్కువ వేడికే పడుతుంది. తేడా చాలావరకు ఆ దానా తయారైన రియాక్టర్‌లో వాడిన క్యాటలిస్ట్‌లో, అంటే రియాక్షన్ నడిపించే పదార్థంలో, ఉంది. అందుకే క్యాటలిస్ట్ సంగతి కొంచెం తెలుసుకుని ఆ తర్వాతే మెషిన్ దగ్గరికి వెళ్దాం, ఎందుకంటే మెషిన్ మీద వచ్చే చాలా ఇబ్బందులకి కారణం అక్కడే దొరుకుతుంది.

పాత పద్ధతి జీగ్లర్ 1953లో జర్మనీలో కనిపెట్టింది, టైటానియం క్లోరైడ్, అల్యూమినియం ఆల్కైల్ కలిపి వాడేది. తర్వాత ఇటలీలో నాటా అదే దారిలో పాలీప్రొపిలీన్ చేశాడు, 1963లో ఇద్దరికీ కలిపి నోబెల్ వచ్చింది. ఇవాళ్టికీ మన మార్కెట్‌లో మామూలు ఎల్‌ఎల్‌డీపీఈ అంటే ఆ కుటుంబమే. దాంతో చిక్కు ఏంటంటే ఆ క్యాటలిస్ట్ ఒక ఘనపదార్థం, దాని ఉపరితలం మీద ఇథిలీన్ (పాలీఇథిలీన్‌కి ముడిసరుకైన వాయువు) వచ్చి చైన్‌గా కట్టుకునే చోట్లు ఉంటాయి, ఆ చోట్లన్నీ ఒకేలా ఉండవు. ఒక చోట పొడుగు చైన్ వస్తుంది, ఇంకో చోట పొట్టిది వస్తుంది, ఒకటి బ్యూటీన్‌ని (చైన్‌కి పక్క కొమ్మలు వేసేది ఇదే) బాగా లోపలికి తీసుకుంటుంది, ఇంకోటి దాదాపు తీసుకోదు. పెళ్ళి వంటలో పదిమంది కూర్చుని గారెలు తడితే ఒక్కొక్కరిదీ ఒక్కో సైజు వస్తుంది కదా, అదే ఒకే చెయ్యి తడితే అన్నీ ఒకలాగే ఉంటాయి. సింగిల్ సైట్ క్యాటలిస్ట్, అంటే చోట్లన్నీ ఒకేలా ఉండేది, ఆ ఒకే చెయ్యి.

ఆ ఒకే చెయ్యి దొరికిన కథ నాకు చాలా ఇష్టం. జర్మనీలో హాంబర్గ్ యూనివర్సిటీలో సిన్, కమిన్‌స్కీ అని ఇద్దరు శాస్త్రవేత్తలు. ఈ రకం క్యాటలిస్ట్‌లకి నీళ్ళు తగిలితే చచ్చిపోతాయని అప్పట్లో అందరి నమ్మకం. 1970ల మధ్యలో వాళ్ళ ల్యాబ్‌లో ట్రైమిథైల్ అల్యూమినియం ఉన్న మిశ్రమంలోకి కొద్దిగా నీళ్ళు చేరితే, ఆగిపోవాల్సిన రియాక్షన్ ఒక్కసారి ఉరకలేసింది. వదిలెయ్యకుండా ఎందుకని తవ్వి చూస్తే, నీళ్ళూ ఆ అల్యూమినియం కలిసి మిథైల్ అల్యూమినోక్సేన్ అనే కొత్త పదార్థం అవుతోందని తేలింది, ఎంఏఓ అంటారు. జిర్కోనియం పరమాణువుని ఐదేసి కార్బన్లున్న రెండు రింగుల మధ్య పెట్టిన మెటలోసిన్‌ని ఈ ఎంఏఓ నిద్రలేపుతుంది. మెటలోసిన్ అణువులన్నీ అచ్చం ఒకలాంటివే కాబట్టి వాటి మీద పెరిగే చైన్లు కూడా దాదాపు ఒకే తీరుగా వస్తాయి. తర్వాత బ్రిన్‌ట్సింగర్ అనే జర్మన్ శాస్త్రవేత్త రెండు రింగులకీ మధ్య వంతెన వేసి కదలకుండా బిగించాడు, ఆ తరహా అణువులతో 1980ల్లో యూవెన్, కమిన్‌స్కీ పాలీప్రొపిలీన్ చైన్ ఏ వైపు తిరగాలో కూడా క్యాటలిస్ట్ ఆకారంతోనే తేల్చగలిగారు. 1991లో ఎక్సాన్ అమెరికాలో బేటన్ రూజ్‌లో మెటలోసిన్ పాలీఇథిలీన్ వ్యాపారానికి తయారు చెయ్యడం మొదలెట్టింది. డౌ ఇంకో దారి పట్టింది, ఒకే రింగు ఉన్న టైటానియం క్యాటలిస్ట్, లోహం ఒకపక్క బాగా ఖాళీగా ఉండడం వల్ల ఆక్టీన్ లాంటి పెద్ద అణువుని కూడా సులువుగా లోపలికి తీసుకుంటుంది. అఫినిటీ, ఎంగేజ్ అనే మెత్తటి గ్రేడ్లు దాంట్లోంచే వచ్చాయి.

సరే, ఇప్పుడు డేటాషీట్ తీయండి.

ఎంఐ పక్కన ఇంకో అంకె కావాలి, అది షీట్‌లో లేకపోతే సప్లయర్ని అడగండి. ఎంఐ కొలిచేది 190 డిగ్రీల్లో 2.16 కిలోల బరువుతో. అదే 21.6 కిలోల బరువుతో కూడా కొలిచి రెండోదాన్ని మొదటిదాంతో భాగిస్తే వచ్చే నిష్పత్తి చూడాలి. మామూలు ఎల్‌ఎల్‌డీపీఈకి అది 25 నుంచి 30 మధ్య ఉంటుంది, నిఖార్సైన మెటలోసిన్‌కి 16, 17 దగ్గర ఉంటుంది. నిష్పత్తి చిన్నదంటే చైన్ల పొడవుల్లో తేడా తక్కువ అని అర్థం. జీపీసీ (చైన్ల పొడవులు కొలిచే ల్యాబ్ పరీక్ష) రిపోర్ట్ ఉంటే ఇంకా సూటిగా తెలుస్తుంది, దాంట్లో ఉండే రెండు రకాల సగటు అణుభారాల్లో వెయిట్ యావరేజ్‌ని నంబర్ యావరేజ్‌తో భాగిస్తే సింగిల్ సైట్‌కి సిద్ధాంతం ప్రకారం 2 రావాలి, అమ్మే ఫిల్మ్ గ్రేడ్లలో 2 నుంచి 3 మధ్య ఉంటుంది, జీగ్లర్ దానాకి 4 చుట్టుపక్కల. ఎవరైనా మెటలోసిన్ అని చెప్పి నిష్పత్తి 28 ఉన్న సరుకు అంటగట్టబోతే అక్కడే ఆగండి. పొడుగు కొమ్మలున్న మెటలోసిన్ గ్రేడ్లు కొన్ని ఉన్నాయి, వాటికి ఈ నిష్పత్తి కావాలనే ఎక్కువగా పెడతారు, వాటి సంగతి కింద చెప్తా. కానీ అలాంటిదైతే షీట్‌లోనే కనబడుతుంది, కంపెనీ దాచదు.

తర్వాత కోమోనోమర్, అంటే కొమ్మల కోసం ఇథిలీన్‌తో పాటు చైన్‌లో కలిపే రెండో పదార్థం, ఏంటో చూడండి. బ్యూటీన్, హెక్సీన్, ఆక్టీన్ మూడింట్లో రొయ్యల కవర్‌కి హెక్సీన్ గానీ ఆక్టీన్ గానీ తీసుకోండి, బ్యూటీన్ దానికి చిరుగుడు ఎక్కువ. గ్రేడ్ పేర్లలో కూడా సమాచారం ఉంటుంది, ఉదాహరణకి ఎక్సీడ్ 1018 అంటే ఎంఐ 1.0, డెన్సిటీ 0.918 అని పేరులోనే చెప్పేశారు.

కరిగే ఉష్ణోగ్రత కూడా చూడాలి. 0.918 డెన్సిటీ ఉన్న జీగ్లర్ దానా 122, 124 డిగ్రీల దాకా కరగదు, అదే డెన్సిటీ ఉన్న మెటలోసిన్ ఇంకాస్త కిందే కరుగుతుంది. ఎందుకంటే జీగ్లర్ దానాలో కోమోనోమర్ ఎక్కువగా పొట్టి చైన్లలో దూరుతుంది, పొడుగు చైన్లు దాదాపు కొమ్మల్లేకుండా మిగిలిపోయి దట్టమైన స్ఫటికాలు కడతాయి, అవి కరగడానికి ఎక్కువ వేడి కావాలి. మెటలోసిన్‌లో కొమ్మలు అన్ని చైన్లకీ సమానంగా పంచబడతాయి కాబట్టి స్ఫటికాలు చిన్నగా, పల్చగా ఉంటాయి. వాటిని కలిపి కుట్టే చైన్లు ఎక్కువ, ఆ కుట్లే డార్ట్ బలం. ఇదే కారణానికి ఇంకో లాభం ఉంది, ఎగుమతి చేసేవాళ్ళకి అది ముఖ్యం. పొట్టిగా, కొమ్మలతో నిండిన చైన్లే హెక్సేన్ అనే ద్రావకంలో (పైన చెప్పిన హెక్సీన్ వేరు) కరిగి బయటికి వచ్చేవి, జిడ్డూ వాసనా వాటివల్లే. అమెరికా ఎఫ్‌డీఏ నియమం ప్రకారం ఆహారానికి తగిలే పాలీఇథిలీన్‌లో 50 డిగ్రీల హెక్సేన్‌లో కరిగేది 5.5 శాతం దాటకూడదు, కవర్‌తో పాటే వండే వాడకం అయితే 2.6 శాతం. మెటలోసిన్‌లో ఆ భాగం చాలా తక్కువ, అందుకే మన హార్బర్ నుంచి అమెరికా వెళ్ళే సరుకుకి ఇది నిశ్చింత. మన దేశంలో ఆహారానికి తగిలే పాలీఇథిలీన్‌కి ఐఎస్ 10146 చూడాలి, దానికి సరిపోతుందని సప్లయర్ దగ్గర ఉత్తరం ముందే తీసుకుని ఫైల్‌లో పెట్టుకోండి, ఆడిట్ వాళ్ళు వచ్చిన రోజు వెతుక్కోవద్దు.

డార్ట్ అంకెలు పోల్చేటప్పుడు మందం ఒకటేనా, బ్లో అప్ రేషియో (బబుల్ వ్యాసం అది బయటికొచ్చే డై నోటికి ఎన్ని రెట్లో) ఒకటేనా అని చూసి పోల్చండి, ఒకరు 25 మైక్రాన్‌కి ఇస్తారు ఇంకొకరు 50కి ఇస్తారు, పెద్ద అంకె చూసి పడిపోకండి.

ఇక రెసిపీ. మూడు పొరల మెషిన్ ఉంటే లోపలి సీలింగ్ పొరలో మెటలోసిన్ ఎక్కువ పెట్టండి, దానికి ఇంకొంచెం తక్కువ డెన్సిటీ ప్లాస్టోమర్ (అఫినిటీ లాంటి మెత్తటి గ్రేడ్) కలుపుకుంటే సీల్ ఇంకా తక్కువ వేడికి పడుతుంది. మధ్య పొరలో మెటలోసిన్‌తో కొంత ఎల్‌డీపీఈ (పొడుగు కొమ్మలుండే పాత రకం పాలీఇథిలీన్), బయట పొరకి మామూలు ఎల్‌ఎల్‌డీపీఈ చాలు. ఒకే పొర మెషిన్ అయితే మీ పాత రెసిపీలో ఎల్‌ఎల్‌డీపీఈ ఉన్న చోట 20, 30 శాతం మెటలోసిన్‌తో మొదలెట్టి మెషిన్ ఎలా ఉందో చూసుకుంటూ పెంచండి. మొత్తం మెటలోసిన్‌తో నడపాలని పట్టుపట్టొద్దు, బబుల్ నిలబడాలంటే 15 నుంచి 25 శాతం ఎల్‌డీపీఈ కావాలి. అలాగని ఎల్‌డీపీఈ 40 దాకా తీసుకెళ్తే మీరు డబ్బు పెట్టి కొన్న డార్ట్ బలాన్ని మీరే తీసేసినట్టు, ముఖ్యంగా పొడుగు దిశలో చిరుగుడు పెరిగిపోతుంది.

తలకాయతో ఉన్న రొయ్యకి పైన కొమ్ము ఉంటుంది, రంపం పళ్ళలాగా. అలాంటి సరుకుని వాక్యూమ్ ప్యాక్ చెయ్యాలంటే ఉత్త పాలీఇథిలీన్‌తో ప్రయత్నించకండి, నైలాన్ పొర ఉండాల్సిందే, మెటలోసిన్ దాని లోపల సీలింగ్ పొరగా పనిచేస్తుంది. తల తీసిన ఐక్యూఎఫ్ (విడివిడిగా గడ్డకట్టించిన) సరుకు కిలో, రెండు కిలోల కవర్లకీ, బ్లాక్ లోపల వేసే లైనర్‌కీ ఉత్త పాలీఇథిలీన్ హాయిగా సరిపోతుంది.

మెషిన్ మీద మొదటి రోజు ఆపరేటర్ వచ్చి చెప్పే మాట ఒకటే, "ఏటి సార్, మోటార్ ఇంతలా లాగుతోంది" అని. నిజమే. చైన్ల పొడవుల్లో తేడా ఎక్కువున్న దానాలో పొట్టి చైన్లు నూనెలాగా పనిచేసి కరిగిన సరుకుని జారనిస్తాయి, స్క్రూ ఎంత గట్టిగా తిప్పితే అంత పల్చబడుతుంది. మెటలోసిన్‌లో ఆ పొట్టివి లేవు, అందుకని అదే ఎంఐ ఉన్నా బ్యారెల్‌లో గట్టిగా ఉంటుంది, ఆంప్స్ పెరుగుతాయి, ప్రెజర్ పెరుగుతుంది. దీనికి మొదటి మందు వేడి. ఫీడ్ జోన్ 175 దగ్గర, తర్వాతి జోన్లు 190 నుంచి 200, డై 200 దగ్గర పెట్టి మొదలెట్టండి, ఇవి మొదలుపెట్టడానికే, మీ స్క్రూని బట్టి జరుపుకోండి. ఎల్‌డీపీఈకి 160ల్లో నడిపిన అలవాటుతో ఇక్కడా 160 పెడితే మోటార్ ట్రిప్ అవుతుంది. వేడి పెంచినా ఆంప్స్ దిగకపోతే ఆర్‌పీఎం తగ్గించండి, స్క్రూ ఎల్‌డీపీఈ కోసం చేసిన పాతదైతే ఉత్పత్తి కొంత తగ్గుతుందని రేటు వేసేటప్పుడే లెక్కలో పెట్టుకోండి.

డై గ్యాప్, అంటే కరిగిన సరుకు బయటికొచ్చే సందు, ముఖ్యం. ఎల్‌డీపీఈ డైలు ఒక మిల్లీమీటర్ లోపు ఉంటాయి, దాంట్లోంచి మెటలోసిన్ గట్టిగా నెడితే ఫిల్మ్ మీద సొరచేప చర్మంలాంటి గరుకు వస్తుంది, ఇంగ్లీషులో కూడా దాని పేరు షార్క్‌స్కినే. 1.5 నుంచి 2.5 మిల్లీమీటర్ల గ్యాప్ ఉంటే మంచిది. డై మార్చే పరిస్థితి లేకపోతే ప్రాసెసింగ్ ఎయిడ్ మాస్టర్‌బ్యాచ్ (ఆ మందు చిక్కగా కలిపిన దానా) వాడండి, పీపీఏ అంటారు. అది వేసిన వెంటనే పనిచెయ్యదు, డై గోడ మీద పల్చటి పూతలా పరుచుకోవాలి, అరగంట, గంట పడుతుంది. గరుకు చారలు ఒక్కొక్కటిగా మాయమవడం కళ్ళకి కనబడుతుంది. మొదట ఎక్కువ మోతాదు ఇచ్చి, చారలు పోయాక తగ్గించండి. టాల్క్ లాంటి యాంటీబ్లాక్ (పొరలు అంటుకోకుండా వేసే పొడి) ఎక్కువున్న మాస్టర్‌బ్యాచ్‌తో కలిపి వేస్తే అది పీపీఏని మధ్యలోనే పట్టేసుకుంటుంది, డై దాకా వెళ్ళనివ్వదు. ఇంకో మాట, ఇన్నాళ్ళూ పీపీఏ అంటే ఫ్లోరిన్ పాలిమరే, ఇప్పుడు పీఫాస్ (ఫ్లోరిన్ రసాయనాల కుటుంబం) గురించి యూరప్, అమెరికాల్లో ఆంక్షలు వస్తున్నాయి కాబట్టి ఫ్లోరిన్ లేని రకాలు అమ్మకానికి వచ్చాయి. ఎగుమతి కవర్‌కి వాటినే ఇప్పట్నుంచి ట్రయల్ చేసి పెట్టుకోవడం తెలివైన పని, బయ్యర్ అడిగిన రోజు హడావిడి పడకూడదు.

బబుల్ ఊగడం ఈ ఊళ్ళో మామూలుకన్నా ఎక్కువ. మెటలోసిన్ కరిగినప్పుడు ఎల్‌డీపీఈలాగా సాగి బిగుసుకోదు, దాంట్లో పొడుగు కొమ్మలు లేవు, అందుకని చిన్న గాలికే పక్కకి పోతుంది. మన షెడ్లు వేడికి రెండువైపులా షట్టర్లు తెరిచి ఉంటాయి, మధ్యాహ్నం సముద్రపు గాలి లేచిందంటే బబుల్ నాట్యం చేస్తుంది, గేజ్ ఒకవైపు మందం ఒకవైపు పల్చన. షట్టర్ మూసి మనుషుల్ని ఉడికించక్కర్లేదు, డై చుట్టూ ఫ్రాస్ట్ లైన్ (బబుల్ గట్టిపడే గీత) పైదాకా తెరలాగా ప్లాస్టిక్ షీట్ కట్టండి చాలు. రెండు పెదవుల ఎయిర్ రింగ్ (బబుల్ చుట్టూ గాలి ఊది చల్లబరిచేది) ఉంటే దాని విలువ ఇక్కడే తెలుస్తుంది. బ్లో అప్ రేషియో 2 నుంచి 2.5 మధ్య పెట్టండి. చల్లగాలి వాడేవాళ్ళు జాగ్రత్త, వర్షాకాలంలో మన గాలిలో తేమ ఎంతుంటుందంటే 12, 15 డిగ్రీల చల్లగాలి పంపితే పైపు మీదా ఎయిర్ రింగ్ మీదా నీళ్ళు పట్టి బొట్లు బబుల్ మీద పడతాయి, ఆ చోటే చిల్లు. పైపుకి ఇన్సులేషన్ చుట్టి, చిల్లర్‌ని కొన్ని డిగ్రీలు పైకి జరపండి. పాలీఇథిలీన్ నీళ్ళు పీల్చదు గానీ కాల్షియం ఫిల్లర్ మాస్టర్‌బ్యాచ్ పీలుస్తుంది, ఫిల్మ్‌లో బుడగలు కనబడితే ముందు దాన్ని అనుమానించండి, మెటలోసిన్‌ని కాదు.

చుట్టేటప్పుడు టెన్షన్ తగ్గించండి. ఈ ఫిల్మ్ సాగే గుణం ఎక్కువ, గట్టిగా చుడితే రాత్రికి రాత్రి రోల్ బిగుసుకుని కోర్ నలిగిపోతుంది, పొరలు అంటుకుంటాయి. స్లిప్ ఏజెంట్ (ఫిల్మ్ జారడానికి కలిపే మందు) పైకి రావడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది కాబట్టి మెషిన్ దిగిన వెంటనే జారట్లేదని స్లిప్ పెంచేయకండి, ఎక్కువైతే సీల్ పాడవుతుంది.

సీలింగ్ దగ్గర పాత సెట్టింగ్ వదిలెయ్యండి. అదే వేడి పెడితే అంచు కరిగి పల్చబడుతుంది, బయటికి అందంగానే కనబడుతుంది, ఫ్రీజర్‌లో అక్కడే విడిపోతుంది. పాతదానికన్నా 10 డిగ్రీలు కిందనుంచి మొదలెట్టి ఐదేసి డిగ్రీలు పెంచుతూ ప్రతి మెట్టులోనూ కొన్ని కవర్లు తీసి చేత్తో లాగి చూడండి. సీల్ ఊడకుండా దాని పక్కన ఫిల్మ్ సాగిపోతే ఆ వేడి సరిపోయినట్టు. ప్యాకింగ్ హాల్లో తడి చేతులతో పని, సీల్ చోట నీటి బొట్లూ రొయ్య జిగురూ ఉంటాయి, తక్కువ వేడికే పట్టే మెటలోసిన్ పొర అలాంటి చోట మామూలుదానికన్నా నమ్మకంగా అంటుకుంటుంది. నా దృష్టిలో డబ్బు పెట్టడానికి డార్ట్ కన్నా ఇదే పెద్ద కారణం.

కొత్తగా వస్తున్నవాటిలో మూడు సంగతులు గమనించండి. ఒకటి, పైన చెప్పానే, పొడుగు కొమ్మలున్న మెటలోసిన్ గ్రేడ్లు, ఎక్సాన్‌మొబిల్ ఎనేబుల్ లాంటివి. సింగిల్ సైట్ క్యాటలిస్ట్‌తోనే కొన్ని కొమ్మలు పుట్టించి బబుల్ నిలబడేలా చేస్తారు, ఎల్‌డీపీఈ తక్కువ కలపొచ్చు, మోటార్ మీద భారం తగ్గుతుంది. పాత మెషిన్లు ఎక్కువున్న మన దగ్గర ఇవి బాగా పనికొస్తాయి. రెండోది చైన్ షట్లింగ్, డౌ వాళ్ళు 2006లో బయటపెట్టారు. ఒకే రియాక్టర్‌లో రెండు రకాల సింగిల్ సైట్ క్యాటలిస్ట్‌లు, మధ్యలో జింక్ సమ్మేళనం, పెరుగుతున్న చైన్‌ని ఒకదాని మీదనుంచి ఇంకోదాని మీదకి మారుస్తూ ఉంటుంది, దాంతో ఒకే చైన్‌లో గట్టి ముక్క, మెత్తటి ముక్క వరసగా వస్తాయి. ఫిల్మ్ వాళ్ళకి సూటిగా అవసరం పడదు గానీ ఆలోచన మాత్రం అద్భుతం. మూడోది రీసైక్లింగ్ వాళ్ళకి. పాలీఇథిలీన్, పాలీప్రొపిలీన్ కలిపి కరిగిస్తే నూనె, నీళ్ళలాగే విడిపోయి పెళుసుగా తయారవుతాయి. 2017లో అమెరికాలో కోట్స్, బేట్స్ బృందాలు హాఫ్నియం సింగిల్ సైట్ క్యాటలిస్ట్‌తో రెండు ప్లాస్టిక్‌లూ ఒకే చైన్‌లో ముక్కలుగా ఉండే పాలిమర్ చేసి, అది కొంచెం కలిపితే ఆ మిశ్రమం గట్టిపడుతుందని చూపించాయి. ఈపీఆర్ బాధ్యత (అమ్మిన ప్లాస్టిక్‌ని తిరిగి సేకరించే పూచీ) మీద పడ్డాక నైలాన్, పెట్ (నీళ్ళ సీసాల ప్లాస్టిక్) అతికించిన పొరలు వదిలి మొత్తం పాలీఇథిలీనే ఉన్న కవర్ చెయ్యమని బ్రాండ్ల వాళ్ళు అడుగుతున్నారు, అలాంటి కవర్‌కి తక్కువ వేడికి సీల్ అయ్యే లోపలి పొర తప్పనిసరి, అది ఈ క్యాటలిస్ట్‌ల వల్లే కుదురుతోంది.

పెద్ద ఆర్డర్ ఒప్పుకునేముందు ఫ్రీజర్ టెస్ట్ చెయ్యండి. ల్యాబ్ డార్ట్ టెస్ట్ మామూలు గది వేడిలో, 66 సెంటీమీటర్ల ఎత్తునుంచి చేస్తారు, మైనస్ 18 సంగతి అది చెప్పదు. మీ కస్టమర్ ప్లాంట్‌లోనే అసలు సరుకు అసలు తూకంలో నింపి, వాళ్ళ మెషిన్ మీదే సీల్ చేసి, రెండు రోజులు వాళ్ళ కోల్డ్ స్టోరేజ్‌లో ఉంచి, బయటికి తీసిన వెంటనే నడుమెత్తు నుంచి మూలల మీద, అంచుల మీద పడెయ్యండి. పాత ఫిల్మ్ కవర్లు కూడా అన్నే పక్కన పెట్టి అలాగే పడెయ్యాలి, లేకపోతే పోలిక ఉండదు. కరిగాక రంగు నీళ్ళు పోసి కారే చోటు మార్కర్‌తో గుర్తు పెట్టండి. ఫిల్మ్ మధ్యలో సూది చిల్లు ఉంటే రొయ్య తోక గుచ్చుకున్నట్టు, అప్పుడు మెటలోసిన్ శాతం గానీ మైక్రాన్ గానీ పెంచాలి. సీల్ పక్కన గీతలా చిరిగితే సీల్ వేడి ఎక్కువైంది, సీలే విడిపోతే వేడి చాలలేదు లేదా స్లిప్ ఎక్కువైంది. మడత వెంట పొడుగ్గా చీలితే ఎల్‌డీపీఈ ఎక్కువైంది, తగ్గించండి. ఏ రోల్, ఏ లాట్ దానా అన్నది ప్రతి కవర్ మీద ముందే రాసి ఉంచండి, మళ్ళీ అదే గ్రేడ్ ఆర్డర్ పెట్టేటప్పుడు ట్రేడర్ ముందు పెట్టడానికి ఆ కవర్లే పనికొస్తాయి.